ఆషాఢంలో ఆగిన మోరిస్ కారు

మద్రాసు చూలైలో ఆ ఇంట్లో ఆ ఏడు కారు లేని గది లేదు. ముందుగదిలో మంచం వెనక ఎడంపక్క తలుపు. గొడుగు తగిలించే కొక్కానికి స్టీరింగు. బియ్యం డ్రమ్ము పక్కన గేరుబాక్సు. దానిమీద పాత చాప కప్పి ఉండేది కాబట్టి తెలియని వాళ్ళు పీట అనుకుని కూర్చునేవారు కూడా. ఊరగాయ జాడీల్లో నట్లు, బోల్టులు. అటకమీద బోర్లించిన గంగాళం కింద కార్బొరేటరు. దేవుడి గూట్లో, కుందుల వెనక, డిస్ట్రిబ్యూటరు అనే నల్లటి సామాను. ఎలుకలు ముట్టని చోటు ఇంట్లో అదొక్కటేనని కేదార్ దాన్ని అక్కడ పెట్టాడు.

ఏది ఎక్కడుందో కేదార్ తల్లి వరదలక్ష్మికి కళ్ళు మూసుకున్నా తెలుసు. చదువు ఐదో తరగతితోనే ఆగిపోయినా, ఆమె మర్చిపోయిన విషయం ఒకటుందని ఆ వీధిలో ఎవరూ చెప్పలేరు. ఎవరి పెళ్ళిలో సాంబారులో ఉప్పు ఎక్కువైందో, ఎవరి బిడ్డకు ఏ వారం పళ్ళొచ్చాయో ఆమెనే అడిగేవారు.

ఆ కారు మోరిస్ మైనరు, యాభైనాలుగో మోడలు. కేదార్ ఎన్నూరులో సరుకు దింపే కంపెనీలో గుమాస్తాగా చేరిన రెండో ఏట, అక్కడ ఒక ముసలాయన పెరట్లో దాన్ని చూశాడు. పదేళ్ళుగా అందులో కోళ్ళు కాపురం ఉంటున్నాయి. కోళ్ళను దింపి, లారీకి కట్టి ఈడ్చుకొచ్చాడు. ఇంటికొచ్చాక వెనక సీటు కింద రెండు గుడ్లు కనబడ్డాయి. "చూడమ్మా, కారుతోబాటు టిఫిన్ కూడా ఇచ్చినాడు" అన్నాడు. వరదలక్ష్మి ఆ గుడ్లను ఇంట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి.

ఇంటి పక్కన పూర్వం గుర్రబ్బండి నిలిపిన షెడ్డు ఒకటి ఉంది. కారును అందులో పెట్టాడు. గుమాస్తా జీతంలో పాతకారు బాగుచేయడమంటే ఒక్కసారిగా అయ్యే పని కాదు. ఒక భాగం విప్పేవాడు, రేషను కిరసనాయిల్లో కడిగేవాడు, గుడ్డలో చుట్టి ఇంట్లోకి తెచ్చేవాడు. దానికి కావలసిన సామాను పుదుపేటలో సెకండ్‌హ్యాండులో దొరికేదాకా అది ఇంట్లోనే ఉండేది.

"అమ్మా, ఇది ఏడ పెట్టేది?"

"నా నెత్తిన పెట్టు."

"నీ నెత్తిన ఇప్పటికే రేడియేటరు ఉండాది గదా."

ఇలా విప్పి విప్పి, చివరికి షెడ్డులో ఒట్టి డొక్క మిగిలింది. తొంభైఏడు శ్రావణంలో, బహుళ తదియనాడు, కేదార్ పొద్దున్నే స్కూటరెక్కి పనికి వెళ్ళాడు. ఎన్నూరు రోడ్డు మీద లారీ.

ఆస్పత్రిలో ఆమెకు ముఖం చూపించలేదు. "వద్దమ్మా, చూసేటట్టు లేదు" అన్నారు. తెల్లగుడ్డలో కట్టి, దానిమీద ఇంకో గుడ్డ చుట్టి ఇచ్చారు. ఆ కట్టు పొడుగు తన కొడుకు పొడుగుకు సరిపోయేటట్టు లేదని ఆమె కంటికి తెలిసింది.

కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది కదా, గిల్లినా మనది కాదన్నట్టు ఉంటుంది. వరదలక్ష్మికి మనిషంతా అట్లా అయిపోయింది. వండింది. ఉప్పు, కారం సరిగ్గానే పడ్డాయి. నీళ్ళ లారీ వస్తే బిందెలు పట్టింది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఏడిస్తే మంచినీళ్ళిచ్చింది. వాళ్ళు బయటికెళ్ళి, "పెద్దామెకు కంట్లో తడి లేదే" అనుకోవడం ఆమెకు వినబడింది. అదీ నిజమేననుకుంది.

ఆమె భర్త నాగలింగానికి జార్జి టౌన్‌లో తాళ్ళ కొట్టు. కొబ్బరిపీచు తాళ్ళు, జనపతాళ్ళు, హార్బరుకు పోయే మోకులు. నైలాను వచ్చాక బేరం సన్నబడింది. ఆయన కొడుకు పోయిన రోజు నుంచి షెడ్డులో అడుగుపెట్టలేదు. అటుపక్క కిటికీ కూడా మూసేశాడు. మాఘమాసంలో ఒకరోజు పాతినుపసామాను కొనే తంగరాజ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

తంగరాజ్ షెడ్డు తలుపు తీసి చూసి, ముక్కుమీద వేలేసుకున్నాడు. "ఏం సెట్టియారే, కారన్నారు. ఈడ ఒట్టి పెంకు ఉండాది?"

"మిగతాది ఇంట్లో ఉంది. అంతా కలిపి తీసుకుపో. షెడ్డు కాగితాల వ్యాపారికి గోడౌనుకిస్తానని మాటిచ్చినా."

"సరి సరి. గ్యాసు కట్టరు తెస్తా. ఈడనే కోసి, ముక్కలు చేసి, బండ్లో వేసుకుని పోతా. సాయంత్రానికి షెడ్డు కడిగి ముగ్గేసుకోవచ్చు మీరు."

వరదలక్ష్మి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టి లేచొచ్చింది.

"ముక్కలుగా పంపను" అంది.

"ఏందే?"

"ఈ ఇంట్లోంచి ముక్కలుగా ఇంకేదీ పోకూడదు. మొత్తం బిగించి, కారు కారుగా పోవాల."

నాగలింగం ఆమెవైపు చూడలేదు, పైకప్పు పెంకులు చూశాడు. తంగరాజ్‌కు కూడా ఏదో అర్థమై తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నాగలింగం, "ఆడి నెల ఆఖరుదాకా చూస్తా. ఆవణి ఒకటికి షెడ్డు ఖాళీగా ఉండాల" అన్నాడు. కొట్టు అద్దెలు, బాకీలు అన్నీ ఆయనకు తమిళ నెలల లెక్కే; ఆగస్టు నడుమ ఆడి పోయి ఆవణి వస్తుంది.

మర్నాడు ఆమె ఆనందన్ దగ్గరికి పోయింది. రెండు వీధుల అవతల అతనికి చిన్న వర్క్‌షాపు ఉంది. కేదార్‌కు స్పానరు పట్టడం నేర్పినవాడు. తమిళాయనే కానీ నలభై ఏళ్ళుగా చూలై తెలుగువాళ్ళ మధ్య ఉన్నాడు కాబట్టి రెండు భాషలూ కలిపి ఒక భాష మాట్లాడతాడు.

"అమ్మా, ఆదివారం ఆదివారం వస్తా. కూలి వద్దు, సామాను మీరు కొనండి. బండి తనంతట తాను నడిచొస్తే నా వర్క్‌షాపు ముందర వీధిలో నిలుపుకుంటా. పెళ్ళిళ్ళకు అద్దెకు అడుగుతారు ఇట్టాంటిది. నడవకపోతే మాత్రం ముడియాదు, నా వల్ల కాదు. నడవని బండి వీధిలో ఉంటే కార్పొరేషనోడు ఎత్తుకుపోతాడు, ఎత్తుకుపోయి వాడూ కోస్తాడు."

అంటే మాట తేలింది. ఆడి నెల ఆఖరి రోజు లోపల కారు తన ఇంజనుతో ఆ షెడ్డు దాటి పోవాలి. లేదంటే గ్యాసు కట్టరే.

కొడుకు పెళ్ళికని దాచుకున్న నాలుగు రూపాయలు ఆమె దగ్గరున్నాయి. వాటితో పిస్టన్ రింగులు, రెండు పాత టైర్లు వచ్చాయి. గ్యాస్కెట్లు ఆనందన్ అట్ట కొని కత్తెరతో కోశాడు. సీట్లలోకి కొబ్బరిపీచు కొట్లోంచి వచ్చింది. ఎవరు పంపారని ఆమె అడగలేదు, నాగలింగం చెప్పలేదు. పెయింటుకు డబ్బు లేదు. కిటికీ చువ్వలకు వేసే ఆకుపచ్చ పెయింటు డబ్బా ఒకటిన్నర మిగిలుంటే, మంగళవారం మంగళవారం ఆమే బ్రష్షు పట్టుకుని వేసింది. దగ్గరగా చూస్తే కుంచె చారలు కనబడేవి. "దూరంగా నిలబడి చూడాలమ్మా, నిన్నూ అంతే" అని కేదార్ ఉంటే అనేవాడు. ఆ మాట తలకు తట్టింది, లోపల ఏమీ కదల్లేదు. ఆమె రెండో పూత వేసింది.

ఇంజను బిగించే ఆదివారం ఆనందన్ నాలుగు పిస్టన్లను నాలుగు గుడ్డల్లోంచి విప్పి చాపమీద పెట్టి తల గోక్కున్నాడు.

"నెంబరు లేదే! ఏది ఏ సిలిండరుదో తెలియాల అమ్మా. ఒకదాని ఇంట్లోకి ఇంకోటి పోయిందంటే ఒరుసుకుంటాది. తంబి ఎక్కడన్నా రాసిపెట్టినాడా?"

"వాడు రాయడు. ఉండు." ఆమె పిస్టన్ల వైపు చూడలేదు, గుడ్డలవైపు చూసింది. "ఈ వాయిలు చీర ముక్క, ఉగాది మర్నాడు. మిగిలిన బొబ్బట్టు తింటా వచ్చినాడు, చీరకు నెయ్యి మరక చూడు. ఇది మొదటిది. ఈ పంచె ముక్క చింతచిగురు పప్పు వండిన రోజు, రెండోది. ఇస్కూలు చొక్కా, నువ్వు వచ్చి కాఫీ తాగి, చక్కెర తక్కువన్నావే, ఆ ఆదివారం. పిండి సంచి ఆఖరుది, ఆ రోజు వీధంతా కరెంటు లేదు."

ఆనందన్ నోరు తెరిచి వింటున్నాడు. "అయితే చీర ముక్క ఒకటో నెంబరు."

"మొదట విప్పినది అన్నాను, ఒకటో నెంబరని అనలేదు. ఇంజను ఈ బల్లమీద ఉండింది. ఫ్యాను పక్క గోడకు ఆనించి ఉండింది. చెయ్యి దూరదని ఇటువైపు నుంచి మొదలుపెట్టినాడు."

"అంటే తలకిందులు! చీర ముక్క నాలుగు, పిండి సంచి ఒకటి." ఆనందన్ చేతులు జోడించాడు. "నా దగ్గర ఇద్దరు పిల్లకాయలు ఉండారమ్మా. పొద్దున విప్పిన నట్టు మధ్యాహ్నానికి మర్చిపోతారు. నువ్వు రా వర్క్‌షాపుకి."

"వంట ఎవరు చేస్తారు?"

"అదీ నిజమే."

పిస్టన్లు నాలుగూ జారినట్టు లోపలికి పోయాయి.

జ్యేష్ఠంలో ఇంజనును కారులోకి దింపారు. దూలానికి కప్పీ కట్టి, ఆనందన్ తన తాడు వేయబోతుంటే, మూసిన కిటికీ అవతల నుంచి నాగలింగం గొంతు వినబడింది.

"ఆ తాడు తెగుద్ది."

ఆ సాయంత్రం కొట్టునుంచి వస్తూ కొత్త మోకు ఒక చుట్ట తెచ్చి షెడ్డు గడప మీద పెట్టి, లోపలికి చూడకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ మోకుతోనే ఇంజను దిగింది.

అప్పటికి తలుపులు బిగిశాయి, గేరుబాక్సు చేరింది, స్టీరింగు కొక్కెం దిగింది. ఇల్లు ఇల్లులాగా అవుతోంది. నూనె పోసి, ఆనందన్ చేతులు తుడుచుకుంటూ, "వచ్చే ఆదివారం స్టార్ట్ చేసి చూస్తాం. అది తిరిగితే బ్రేకు సామాను కొంటాం, ఇంక ఆ పని ఒక్కటే" అన్నాడు.

వరదలక్ష్మి గోడ క్యాలెండరు వైపు తిరిగి, "వచ్చే ఆదివారానికి ఆషాఢం వచ్చేసుంటాది" అంది. "వద్దు. ఇంజను మొదటిసారి తిరగడమంటే మామూలా? కొత్తగా ప్రాణం పోసినట్టు. శూన్యమాసంలో ఎవరైనా మొదలుపెడతారా? శ్రావణం రానీ."

"అమ్మా, నాలుగు వారాలు పోతాయి."

"పోనీ. నిమ్మకాయలు, కొబ్బరికాయ నేను తెచ్చిపెడతా."

మంచీ చెడ్డా చూసే పెద్దామెతో వాదించడం ఆనందన్‌కు చేతకాదు. అతను ఆ నెలకు వేరే పని ఒప్పుకున్నాడు.

ఆ ఆషాఢం నెల వరదలక్ష్మికి బాగానే గడిచింది. పొద్దున్నే షెడ్డు ఊడ్చేది. మునగాకు వండింది. పూలమ్మే మునియక్క అరుగుమీద బుట్ట దించితే, ఆమెతో పాత విషయాలు మాట్లాడింది. ఎవరి కోడలు ఆషాఢానికి పుట్టింటికి పోయిందో, ఎవరి అత్త పంపలేదో, ఆ అత్త తను కోడలుగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు పోయిందో చెప్పింది. మునియక్క నవ్వి, "లచ్చమ్మా, నీ నోరు మళ్ళీ లేచిందే" అంది. శ్రావణం మొదటి ఆదివారానికి రోజులు లెక్కపెట్టుకుంటూ, కొబ్బరికాయ కొని బియ్యం డ్రమ్ములో పెట్టింది.

ఆ ఆదివారం ఆనందన్ వచ్చాడు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు పళ్ళెంలో పెట్టి ఉండటం చూసి ఇబ్బందిగా నిలబడ్డాడు.

"అమ్మా, ఈ రోజు ఎట్ట అవుతాది? ఇది ఆడి గదా."

"ఆషాఢం అయిపోయింది నాయనా. అమావాస్య పోయింది. శ్రావణం వచ్చింది."

"మీకు వచ్చింది. మాకు మీ ఆషాఢం మాదిరి ఆడి నెల, అది ఇంకా మూడు వారాలు ఉండాది. నేను ఆడిలో కొత్త ఇంజను చెయ్యి పెట్టి తిప్పనమ్మా. మా అప్పా నేర్పింది."

"మూడు వారాలా! ఆవణి ఒకటికి షెడ్డు ఇచ్చెయ్యాల! నా నెల అంతా ఆగినా, ఇప్పుడు నీ నెల అంతా ఆగాల్నా?"

"నేను ఆగమన్నానా? మీరే గదా ఆగమన్నది. నేను అప్పుడే తిప్పేస్తానంటిని, అప్పటికి ఆడి రాలా."

"శూన్యమాసంలో మా ఇండ్లల్లో ఏదీ..."

అరుగుమీద పేపరు చదువుకుంటున్న నాగలింగం పేపరు దించకుండానే అన్నాడు.

"మనకు ఈ ఏడాదంతా ఆషాఢమే గదే లచ్చూ."

ఆమె పళ్ళెం వైపు తిరిగింది.

నిజమే. ఇల్లు యేటి సూతకంలో ఉంది. ఉగాదికి పచ్చడి చేయలేదు, సంక్రాంతికి ముగ్గేయలేదు. పెళ్ళిపత్రికలు ఇచ్చేవాళ్ళు గడప దాకా వచ్చి మాటమార్చి వెళ్ళిపోయారు. కొడుకు ఏడాది కాకముందు ఆ ఇంట్లో ఏ పనికీ మంచిరోజు అనేది లేదు. మంచిరోజు లేని ఇంటికి చెడ్డనెల ఎక్కడిది? అంత తెలిసిన మనిషి, అన్నీ గుర్తుపెట్టుకునే మనిషి, ఆ ఒక్కటి మర్చిపోయింది. అన్ని ఇళ్ళల్లోలాగా, శుభం జరిగే ఇంట్లోలాగా, ఆషాఢం పాటించింది. ఆమె లెక్కన నెల్నాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.

ఆమె పళ్ళెంలోని నిమ్మకాయలు సర్దింది. "పప్పు పొయ్యి మీద ఉంది" అని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. వెలిగించని పొయ్యి ముందు నిలబడి చాలాసేపు దాన్నే చూసింది.

బయట ఆనందన్ నాగలింగంతో ఏదో గుసగుసగా మాట్లాడి, వంటింటి కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఆడి పదినెట్టు, పద్దెనిమిదో తేదీ నాడు మొదలుపెడతా. ఆడిలో ఆ ఒక్కరోజు మాకు అన్నిటికీ మంచిది. సోమవారం. కానీ లీవు పెట్టుకుని వస్తా, నా వర్క్‌షాపుకు నేనే ముదలాళి, నేనే ఓనరు గదా."

ఆమె తల ఊపింది.

ఆ సోమవారం తొమ్మిదిన్నరకు, రాహుకాలం దాటాక, కొబ్బరికాయ కొట్టారు. ఆనందన్ ముందుపక్క హ్యాండిలు దూర్చి తిప్పాడు. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగింది. మళ్ళీ తిప్పితే హ్యాండిలు ఎదురుతన్ని అతని మణికట్టు వాచింది. ప్లగ్గులో నిప్పురవ్వ చూశాడు, పెట్రోలు వస్తోందో లేదో చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"రింగులు కొత్తవి. లోపల బిగుతు. చేత్తో తిప్పితే ఆ వేగం చాలదు. పెద్ద బ్యాటరీ కావాల, లేదంటే నలుగురం తోసి పరిగెత్తించాల."

"తొయ్యండి మరి" అంది.

"బ్రేకు ఏది? బ్రేకు పట్టకుండా వీధిలోకి తోస్తే ఎదురుగా వచ్చే బస్సుకి దండం పెట్టుకోవాల్సిందే." అతను నేలవైపు చూస్తూ, "ఆ నెల ఉంటే బ్రేకు అయిపోయుండేదమ్మా" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

బ్యాటరీకి డబ్బు లేదు. నాగలింగాన్ని ఆమె అడగలేదు. మరుసటి వారం తిథి వచ్చింది. నాగలింగం కొడుకుకు పిండం పెట్టాడు, బ్రాహ్మలు భోంచేసి వెళ్ళారు. మునియక్క, "ఇంక ఏడాది అయిపాయె లచ్చమ్మా, గడప కడుక్కో" అంది. వరదలక్ష్మి గడప కడిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయా వెచ్చగా ఉన్నాయా అంటే చెప్పలేకపోయేది. బ్రేకుకు కావలసిన చిన్న రబ్బరు వాషర్లు పుదుపేటలో గురువారం దొరికాయి. ఆనందన్ శుక్ర, శనివారాలు షాపు మూశాక వచ్చి, చీకటి పడేదాకా చక్రాల దగ్గర బోర్లా పడుకుని బిగించాడు.

ఆడి నెల ఆఖరు రోజు ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకే తంగరాజ్ మూడు చక్రాల బండిమీద గ్యాసు సిలిండరు, కట్టరు వేసుకుని వచ్చి, ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

"తొందర లేదు సెట్టియారే. మీ పని చూసుకోండి. నేను టీ తాగుతా ఉంటా."

షెడ్డు తలుపులు రెండూ తెరిచారు. కారు ఎండలోకి వచ్చింది. ఆకుపచ్చగా, చారలు చారలుగా, గుండ్రటి దీపాలతో, తలుపులు నాలుగూ మూసుకుని నిలబడింది. వీధిలో పిల్లలు కేకలేశారు. ఆనందన్ లోపల కూర్చుని రెండో గేరు వేసి, క్లచ్చి తొక్కిపట్టాడు. వెనక తోయడానికి వర్క్‌షాపు మనుషులు ఇద్దరు నిలబడ్డారు. వరదలక్ష్మి కొంగు బొడ్లో దోపుకుని వచ్చి వాళ్ళ మధ్య రెండు చేతులూ డిక్కీకి ఆనించింది.

మునియక్క పరిగెత్తుకొచ్చి మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు లోపలుండు. మగోళ్ళు తోస్తారు లచ్చమ్మా, వీధిలో అందరూ చూస్తా ఉండారు."

"పోయినేడు లోపలే ఉన్నాను గదా" అంది వరదలక్ష్మి.

మునియక్క చెయ్యి వదిలేసింది. పోయినేడు మగవాళ్ళు పాడె మోసుకుని మూలదాకా వెళ్ళి కనుమరుగైనప్పుడు ఆడవాళ్ళతోబాటు తను కూడా ఈ అరుగు దగ్గరే ఆగిపోయింది, ఈమె చెయ్యి పట్టుకుని.

తోశారు. కారు బరువుగా కదిలి, నాలుగు బారలు పోయి, ఇంజను గుటుకు గుటుకుమని ఆగింది. మళ్ళీ తోశారు. మళ్ళీ ఆగింది. ఆనందన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "వేగం చాలదు! ఇంకా మనిషి కావాల!" అని అరిచాడు.

నాగలింగం అరుగు దిగాడు. పంచె ఎగగట్టి, ఏడాదిగా చూడని కారు దగ్గరికి వచ్చి, వరదలక్ష్మి పక్కన భుజం ఆనించాడు. ఆమెవైపు చూడలేదు. ఈసారి కారు మూల తిరిగి బస్సులు పోయే రోడ్డుకు చేరింది, కానీ వంకరగా పోతోంది.

"ఏమండీ, మీ పక్క తోయండి! బరువంతా నా పక్కే ఉండాది! కొట్లో కూర్చుని కూర్చుని చేతులు పనికిరాకుండా పొయినాయి!"

ఆ గొంతు విని వీధి వీధంతా తిరిగి చూసింది. ఏడాదిగా ఆమె అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు.

"తోస్తానే ఉన్నానే!"

"ఇదా తోయడం? ఉయ్యాల ఊపినట్టుంది!"

టీకొట్టు బెంచీ మీద తంగరాజ్ గ్లాసు కిందపెట్టాడు. ఒక నిమిషం చూశాడు. తువ్వాలు తలకు చుట్టుకుని పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరాడు. "నా బేరాన్ని నేనే తోస్తా ఉండా చూడండి, నా అంత పిచ్చోడు పుదుపేట మొత్తంలో లేడు" అని గొణుగుతూ భుజం పెట్టాడు.

అయిదుగురూ పరిగెత్తారు. వరదలక్ష్మి యాభైమూడేళ్ళ కాళ్ళు పరిగెత్తాయి. ఆనందన్ క్లచ్చి వదిలాడు. కారు ఒక్క కుదుపు కుదిపి, నల్లటి పొగ వాళ్ళ ముఖాల మీదికి చిమ్మి, పట్టుకుంది. అప్పటిదాకా ఆమె చేతులకింద బరువుగా ఉన్నది ఒక్కసారిగా లేకుండా పోయింది. ఆమె ముందుకు తూలి, పడకుండా నిలబడింది. చేతులు ఇంకా ముందుకు చాచి ఉన్నాయి.

"నిలిపితే మళ్ళీ చస్తాదమ్మా! పోతా ఉండా! పోతా ఉండా!" ఆనందన్ కేకలు దూరమయ్యాయి. ఆకుపచ్చ కారు ఆటోల మధ్య పడి, సైకిలు రిక్షాను తప్పించుకుని, తలుపులు, అద్దాలు, నాలుగు చక్రాలు, అన్నిటితో, మలుపు తిరిగింది. ఇంజను చప్పుడు ఇంకా కొంచెంసేపు వినబడి, బస్సుల చప్పుడులో కలిసిపోయింది.

తంగరాజ్, వర్క్‌షాపు వాళ్ళు అరుస్తూ దాని వెనక పరిగెత్తారు.

నాగలింగం రోడ్డు మధ్యలో కూర్చుండిపోయాడు. కుప్పలాగా, ఎవరో కాళ్ళకింద తాడు లాగినట్టు. పంచె నిండా మసి. నోరు తెరిచి ఉంది కానీ మొదట శబ్దం రాలేదు. తరువాత వచ్చింది. ఏడాది వయసున్న ఏడుపు అది, పెద్దమనిషి గొంతులో ఇమడక పగిలి పగిలి వచ్చింది. వెనక నుంచి వచ్చిన సిటీబస్సు బ్రేకు వేసి హారను మోగించింది. డ్రైవరు కిటికీలోంచి ఏదో తిట్టబోయి, చూసి, హారను మీదినుంచి చెయ్యి తీసేశాడు.

వరదలక్ష్మి ఆయన పక్కన నిలబడింది. తనకు కూడా వస్తుందేమోనని కొంచెంసేపు చూసింది. రాలేదు. అరిచేతులు మాత్రం మండుతున్నాయి. ఎండకు కాలిన రేకు మీద అంతసేపు ఆనించినందుకు తోలు ఎర్రగా కందింది. ఆ మంట ఆమెకు తెలుస్తోంది. వేళ్ళు ముడిచి, మళ్ళీ విప్పి చూసుకుంది.

వంగి ఆయన చంకలో చెయ్యి వేసింది.

"లేవండి. బస్సు పోవాల గదా."

ఆయన లేచాడు. రోడ్డు పక్కకు జరిగారు. బస్సు పోయింది. దాని వెనక నిలిచిన ఆటోలన్నీ ఒకదాని తరువాత ఒకటి పోయాయి.

"ఏడ నిలుపుతాడంట?" అన్నాడు నాగలింగం, ముఖం పంచె కొసతో తుడుచుకుంటూ.

"వర్క్‌షాపు ముందర, వీధిలో."

"ఎండ పడుద్దా ఆడ?"

"మధ్యాహ్నం దాకా పడుద్ది."

ఇద్దరూ ఇంటివైపు తిరగలేదు. కారు పోయినవైపే, పేవుమెంటు మీద, ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనక, నడవడం మొదలుపెట్టారు.